మా బాబాయికి వచ్చిన జపాను

మా వీరాంజనేయులు బాబాయితో ఒక మాట మాట్లాడి రమ్మని ఎవరన్నా అడిగితే ఒప్పుకోకూడదు. ఆ సంగతి ఊళ్ళో అందరికన్నా నాకే బాగా తెలుసు. అయినా అఖిల మొహం చూసి ఒప్పుకున్నాను. అఖిల బాబాయికి ఒక్కగానొక్క కూతురు, నాకు చెల్లెలు. సత్తెనపల్లిలో డిగ్రీ చదువుతోంది. జపాను వాళ్ళ బొమ్మల సీరియళ్ళు, అవే అనిమేలు, ఫోన్లో చూసీ చూసీ ఆ భాష మీద ప్రాణం పెట్టుకుంది. గుంటూరులో ఆ భాష నేర్పే క్లాసు ఒకటుంది, చేరడానికి రేపే ఆఖరు రోజు. "నేనడిగితే నాన్న ఇంతెత్తున లేస్తున్నాడన్నయ్యా, నువ్వడుగు" అంది. దానికేముంది, ఒక్క వాక్యమేగా అనుకుని సాయంత్రం బసవమ్మ పెద్దమ్మ టీ బంకు దగ్గరికి వెళ్ళాను. ఆ ఒక్క వాక్యం అనడానికి సందు దొరికితే గదా!

బాబాయి బల్లలో సగం ఆక్రమించి కూర్చునున్నాడు. పక్కన, రిటైరైన జానకిరామయ్య మాస్టారు పొద్దుటి పేపరు సాయంత్రం చదువుకుంటున్నారు. బసవమ్మ పెద్దమ్మ గ్లాసులు కడుగుతోంది. నేను బల్ల చివర కూర్చుని గొంతు సవరించుకున్నాను.

"బాబాయ్, మన అఖిల..."

"దాని పేరెత్తమాక నా దగ్గర!" అన్నాడు బాబాయి. అంతే, తూము తెరిచినట్టే అయింది. "ఇల్లు ఇల్లులాగా ఉందంట్రా? పొద్దున లేస్తే 'ఒహాయో' అంటది. ఏంది తల్లీ అంటే గుడ్ మార్నింగ్ అంట. ఆ గుడ్ మార్నింగే మనది కాదు, దాని మీద ఇంకోటా? కంచం ముందు కూచుని రెండు చేతులూ జోడించి 'ఇతదాకిమాస్' అంటది. పోన్లే, పిల్లకి భక్తి కుదిరింది, ఏ స్వామి పేరో అనుకుని నేను కూడా ఎదురుగా కూచుని కళ్ళు మూసుకుని దణ్ణం పెట్టుకున్నా. తీరా చూస్తే అది అన్నం తినబోయే ముందు అనే మాటంట! తినబోతుంటే కనపట్టంలా? మళ్ళీ చెప్పాలా?"

మాస్టారు పేపరు వెనక నవ్వారు. బాబాయికి అది చాలు.

"మీకు నవ్వులాటగా ఉంది మాస్టారూ. కాలేజీ నుంచొచ్చి గడప దగ్గర చెప్పులిడిచి 'తదైమా' అని కేకేస్తది. వచ్చానని అర్థమంట. దానికి మంచంలోంచి మా అమ్మ, నోట్లో ఒక్క పన్ను లేదు, 'ఒకాయెరీ' అంటది! రా రమ్మని అర్థమంట. అమ్మా నీకేమొచ్చిందే అంటే, పిల్ల పిలిస్తే పలకొద్దా అంటది. మొన్న గేదెకి గడ్డేస్తా 'గంబత్తే, గంబత్తే' అంటుంది. అంటే గట్టిగా ప్రయత్నించు అని! గేదె ఏం ప్రయత్నించాలి? గడ్డి తినటానికి ప్రయత్నించాలా? ఒరేయ్ కోటేషూ, నువ్వే చెప్పు."

"అదే బాబాయ్, అఖిల ఏమంటుందంటే..."

"ఆగరా. నే చెప్పేది విను. అసలు ఆ భాషలో ఏముందిరా? దానికి మళ్ళీ పుస్తకాలు, మేస్టర్లు, బస్సులెక్కి పోవటాలు! నేను అన్నం తింటా, చెవి అటు పడేసి నేర్చుకున్నా."

నా వాక్యం గొంతులోనే ఉండిపోయింది. అడగకుండానే ఆ మాట కొట్టేసినట్టయింది. నాకు ఒళ్ళు మండింది.

మాస్టారు పేపరు మడిచారు. "మీకు జపనీసు వచ్చా వీరాంజనేయులూ?"

"వచ్చా అని అంత మెల్లిగా అడుగుతారేందండీ! మొన్న జపానాయన మా కల్లానికొస్తే ఎవరు మాట్టాడారనుకున్నారు? ఇదుగో బసవమ్మ వదిన అక్కడే ఉంది, టీ క్యాను తెచ్చింది. ఏం వదినా, ఉన్నావా లేదా?"

"ఉన్నా," అంది పెద్దమ్మ, గ్లాసు మీద నుంచి తల ఎత్తకుండా.

"విన్నారుగా! సాక్ష్యం కూడా అయిపోయింది." బాబాయి కాలు మీద కాలేసుకున్నాడు. "ఏం జరిగిందంటే, మందులు ఎక్కువ కొట్టని కాయ కావాలని ఆ మిరపకాయల కంపెనీ వాళ్ళు జపానాయన్ని వెంటబెట్టుకొచ్చారు. ఆయనకి మన మాటలు జపానులో చెప్పటానికి మద్రాసు నుంచి ఒక కుర్రాడొచ్చాడు. వాడేమో కల్లంలో కాలు పెట్టాడో లేదో ఘాటు తగిలి తుమ్మటం మొదలెట్టాడు. తుమ్మి తుమ్మి, కారెక్కి అద్దాలు బిగించుకుని కూచున్నాడు. ఇంక దిగితే ఒట్టు. ఇటు జపానాయన, అటు పరదా పట్టాల మీద ఆరబోసిన మన కాయ, మధ్యలో మాట లేదు. కంపెనీ వాళ్ళు నీళ్ళు నములుతున్నారు. అప్పుడు నేను ముందుకెళ్ళా. పెద్దగా ఏమన్లా. నాకు గొప్పలు చెప్పుకోవటం అలవాటు లేదు. ఒక్క మాట. 'ఒహాయో' అన్నా."

"మధ్యాహ్నం పూట గుడ్ మార్నింగా?" అన్నారు మాస్టారు.

"పొద్దున్నే వస్తామని మధ్యాహ్నం వచ్చింది వాళ్ళు. ఆయన కోసం పొద్దుట్నించీ నోట్లో అట్టిపెట్టుకున్న మాట, ఆలస్యమైందని పారబోయమంటారా? ఆ తర్వాత ఏమైందో తెలుసా?"

మాకెవరికీ తెలియదని ఆయనకు తెలుసు. అయినా ప్రతిసారీ అడిగి, మా మొహాలు చూసి, టీ ఒక గుక్క తాగి గానీ చెప్పడు. ఆ గుక్కలో దూరిపోదామని నేను నోరు తెరిచాను, కానీ ఆయన గుక్క చిన్నది.

"ఆయన బిగుసుకుపోయాడు! ఈ పల్నాటి ఎండలో, మిరపకాయల మధ్య, సొంత తమ్ముడి గొంతు విన్నట్టుందంట. కాయ చేతిలోకి తీసుకుని 'సుగోయ్' అన్నాడు. బెమ్మాండం అని దానర్థం. మా తేజ రకం కాయ సుగోయ్ కాకపోతే ఇంకెవరిది సుగోయ్ అన్నా నేను. ఇంక చూడండి, అప్పట్నుంచి ఆయన మాట్టాడతానే ఉన్నాడు, నేను 'హాయ్, హాయ్' అంటానే ఉన్నా. హాయ్ అంటే అవునని. మీకు తెలియని రహస్యమొకటి చెప్తన్నా మాస్టారూ, జపాను భాష మొత్తం ఆ ఒక్క హాయ్‌లోనే ఉంది. ఎక్కడ పొట్టిగా అనాలి, ఎక్కడ సాగదీయాలి, ఎక్కడ నడుం కొంచెం వంచాలి, అంతే. మిగతాదంతా దండగ. క్లాసులంట, క్లాసులు!"

ఈ చివరి మాట నా వంక చూసి అన్నాడు.

"బాబాయ్, నేను చెప్పేది..."

"నేను హాయ్ అన్న తీరుకి ఆయనకి కళ్ళ నీళ్ళొచ్చాయి."

"ఘాటుకేమోనయ్యా," అన్నారు మాస్టారు.

బాబాయి ఆయన్ని జాలిగా చూశాడు. "ఘాటుకైతే రెండు కళ్ళూ ఒక్కసారి కారతయ్యండి. ఆయనకి ముందు కుడి కన్ను కారింది, తర్వాత తీరిగ్గా ఎడమది. అది ఆనందం. మీరు లెక్కలు చెప్పారు గానీ మనుషుల్ని చూళ్ళేదు. సరే, ఏడిపించి పంపిస్తే మర్యాదా? భోజనానికి కూచోబెట్టా. కల్లం పక్కన చింతచెట్టు కింద విస్తరేసి, గోంగూర, పండుమిరప పచ్చడి, పప్పు, నెయ్యి. 'ఇతదాకిమాస్' అన్నా నేనే ముందు. ఆయన కంగారుపడి తనూ అన్నాడు. తిన్నాడు. 'ఒయిషీ' అన్నాడు, అంటే రుచిగా ఉందని. విస్తరి ఖాళీ చేశాడు. మన సంగతి తెలుసుగా, ఎదుటి మనిషి విస్తరి ఖాళీగా కనపడితే మన చెయ్యి ఆగదు. వడ్డించా. వాళ్ళ సంగతేందంటే పెట్టింది వదిలితే పెట్టినవాళ్ళకి అవమానమంట. తినేశాడు. ఖాళీ అయింది. వడ్డించా. తిన్నాడు. వడ్డించా."

"ఒకళ్ళన్నా ఆపాలి గదయ్యా," అన్నారు మాస్టారు.

"ఎట్టా ఆపుతానండీ? ఖాళీ విస్తరి ముందు చేతులు కట్టుకు నిలబడితే రేపు ఊళ్ళో తలెత్తుకోగలనా? ఆయనెట్టా ఆపుతాడు, జపాను పరువు ఆయన చేతిలో ఉండె! ఇద్దరం ఇద్దరమే. మా ఇంట్లో కుండ అయిపోయింది. పక్కింటి కుండ తెప్పించా. అదీ అయింది. పెళ్ళికి పెట్టే గుండిగలో ఎసరు పెట్టించా. వీధి మొత్తం ఆ పూట పస్తు. 'ఒయిషీ' అంటున్నాడు, మొహం పండుమిరపకాయలాగా అయింది, కానీ తగ్గట్లా. ట్రాక్టరు పెట్టి రైసు మిల్లు నుంచి బస్తాలు తెప్పించా. మిల్లాయన ఇంక బియ్యం లేవు, వడ్లున్నాయి తెమ్మంటావా అన్నాడు."

పెద్దమ్మ చేతిలో గ్లాసు టక్కుమంది. పగల్లేదు, బల్ల మీద కొంచెం గట్టిగా పెట్టిందంతే.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? అన్నం సంగతి వదిలెయ్యండి, పచ్చడి సంగతి చూడండి. అంత పండుమిరప పచ్చడి తిన్న మనిషి ఊరుకుంటాడా? చెవుల్లోంచి పొగ! ఆవులించాడు. ఆ సెగ వెళ్ళి పట్టాల మీద కాయకి తగిలింది. మీకు తెలుసుగా, మా రెండో కోత కాయ ఇంకా పచ్చిగా ఉంది, మంచుకి ఎండక చస్తన్నా. ఆ ఒక్క ఆవులింతకి గలగలా ఎండిపోయింది! తిరగెయ్యక్కర్లేదు, పట్టాలు కప్పక్కర్లేదు. పక్క కల్లం వాళ్ళు పరిగెత్తుకొచ్చి, 'అన్నా, అన్నా, ఆయన్ని కొంచెం ఇటు తిప్పి కూచోబెట్టు' అని ఒకటే గోల."

మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు. నవ్వాలో తిట్టాలో ఆయనకు తోచినట్టు లేదు. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఇంటి దగ్గర అఖిల ఫోన్ చేతిలో పెట్టుకుని నా కబురు కోసం కూర్చుని ఉంటుంది. ఇక్కడేమో జపానాయన చెవుల్లోంచి పొగ వస్తోంది.

"బాబాయ్, ఒక్క నిమిషం నేను చెప్పేది వింటావా?"

"నిమిషమేందిరా, తీరిగ్గా చెబుదువుగానీ, పొలం సంగతి అయిపోనీ. ఎక్కడున్నా? ఆఁ, పొలం. చేను చూస్తానన్నాడు. ఏ భాషలో అన్నాడని అడగమాకండి, నాకు అర్థమైంది, అంతే. తీసకెళ్ళా. చేలో నల్లతామర పురుగు. పువ్వు పువ్వుకీ పట్టి చంపేస్తంది గదా ఈ ఏడు, ఏ మందు కొట్టినా చావట్లా. జపానాయన చూసి మొహం చిన్నబుచ్చుకున్నాడు. నాకు పౌరుషమొచ్చింది. మా అఖిల చూసే బొమ్మల్లో జుట్టు పైకి లేచినవాడు ఒకడు చెయ్యి చాచి 'యమెతే' అని అరుస్తా ఉంటాడు. ఆపండి అని దానర్థం. నేను గట్టు మీద కాళ్ళు దూరంగా పెట్టి, చెయ్యి ఇట్టా చాచి..."

చెయ్యి చాచిన విసురుకి మాస్టారి పేపరు ఎగిరి కింద పడింది.

"...'యమెతే!' అన్నా. ఒక్క కేక. చేను మొత్తం నిశ్శబ్దం. పురుగులన్నీ తినటం ఆపి తలెత్తి నా వంక చూశాయి!"

"తామర పురుగుకి తల కనపడేంతుంటే కదయ్యా," అన్నారు మాస్టారు పేపరు ఏరుకుంటూ.

"మీకు కనపడదు, నాకు కనపడింది. చేలో పుట్టి పెరిగిన కన్నిది. మళ్ళీ అన్నా. అంతే, నల్లగా మబ్బు లేచినట్టు లేచి దక్షిణంగా పోయాయి. దర్శిలో మా బావమరిది ఫోన్ చేసి ఇప్పటికీ తిడతన్నాడు, నీ పురుగులన్నీ మా మీదికి తోలావేందని. నాకు కష్టమైంది గానీ ఏం చేస్తాం, జపానులో 'దర్శి వైపు పోవద్దు' అనటం ఇంకా నేర్చుకోలా."

"అబద్ధానికన్నా హద్దుండాలి బాబాయ్!" అన్నాను. నాకు నిజంగానే ఓపిక అయిపోయింది.

బాబాయికి కోపం వచ్చింది. కోపం వస్తే ఆయన కథ తగ్గదు, పెరుగుతుంది. ఆ సంగతి నేను మర్చిపోయాను.

"అబద్ధమంట్రా? అబద్ధమైతే ఆయన నాకెందుకు దణ్ణం పెట్టాడు? చెప్పు! కల్లం మధ్యలో నిలబెట్టి, అందరూ చూస్తుండగా, నడుం విరిగిద్దేమో అన్నంత కిందికి వంగాడు. వదినా, వంగాడా లేదా?"

"వంగాడు," అంది పెద్దమ్మ. ఈసారి తలెత్తి ఆయన వంక చూసింది.

"ఆఁ! మామూలుగా తల ఊపినట్టు కాదు. ముక్కు మోకాళ్ళకి తగిలింది. నేను లెమ్మన్నా, లేవడే! అట్టాగే వంగి జేబులోంచి ఫోన్ తీసి టోక్యోకి వీడియో కాల్ చేశాడు. అక్కడ వాళ్ళ చైర్మన్, పెద్దాయన, బంగారు కళ్ళజోడు, ఈయన వంగి ఉండటం చూసి ఏందని అడిగాడు. ఈయన నా వైపు ఫోన్ తిప్పాడు. నేను ఊరికే 'హాయ్' అన్నా. పొట్టిగానే అన్నా. చైర్మన్ కుర్చీలోంచి లేచి వంగాడు! చైర్మన్ వంగితే ఆఫీసులో వాళ్ళు ఊరుకుంటారా, ఫ్లోరు ఫ్లోరంతా వంగారు. ఎదురు బిల్డింగ్ వాళ్ళు అద్దాల్లోంచి చూసి, ఎవరో మహానుభావుడై ఉంటాడని వాళ్ళూ వంగారు. రోడ్డు మీద పోలీసు వంగాడు. బస్సులు ఆగాయి, బస్సుల్లో జనం వంగారు. రైల్లో డ్రైవరు వంగాడు..."

"రైలు నడుపుతూనా!" అన్నారు మాస్టారు.

"అదే భయమేసింది నాకు! 'లేవండయ్యా, లేవండి, చాలు' అంటన్నా, ఎవరు వింటారు? అంతమంది ఒక్కసారి ఒక పక్కకి వంగేసరికి ఆ దేశం అటు వైపు ఒరిగింది. అక్కడొరిగితే ఇక్కడ తెలియకుండా ఉంటదా? మన సాగర్ కాలవలో నీళ్ళు కుడి గట్టెక్కి దూకాయి. మొన్న కాలవ గట్టు కోసుకుపోయిందని అందరూ ఇంజనీర్లని తిడతన్నారే, పాపం వాళ్ళ తప్పేం లేదు. అదంతా ఎందుకంటే, నేను ఒక్క హాయ్ అన్నందుకు. క్లాసుకి పోకుండా, పుస్తకం ముట్టకుండా, అన్నం తింటా నేర్చుకున్న హాయ్! ఇప్పుడు చెప్పు. ఆ ముక్కకి పిల్ల రోజూ పొద్దున్నే బస్సెక్కి గుంటూరు పోవాలా?"

చివరి మాటలో గొంతు కొంచెం మారింది. మాస్టారు నా వంక చూశారు. ఇంక నా వాక్యం అడిగే చోటే లేదని, ఆయన అడగనివ్వకుండానే జవాబు చెప్పేశాడని నాకు అర్థమైంది. అడగటం మానేసి, ఉక్రోషం కొద్దీ ఇంకోటి అడిగాను.

"బాబాయ్, ఆయన పేరేంది?"

"ఎవరి పేరు?"

"ఆ జపానాయనది. అంతసేపు మాట్లాడావు, అన్నం పెట్టావు, పొలం చూపించావు. ఇందాకట్నించీ జపానాయన, జపానాయన అంటున్నావు. ఆయనకో పేరుంటుందిగా."

బాబాయి నోరు తెరిచాడు. గ్లాసులోకి చూశాడు. టీ అయిపోయింది. "పేరు... వాళ్ళ పేర్లు మనకి నోరు తిరగవురా," అన్నాడు.

"తిరగనిదేం కాదు. మోరితా గారు," అంది బసవమ్మ పెద్దమ్మ.

కొంగుకి చెయ్యి తుడుచుకుని బంకులోంచి ఇవతలికి వచ్చింది. అంతసేపూ ఓర్చుకున్నదంతా ఆమె మొహంలో కనపడుతోంది.

"అఖిల అడిగింది, ఆయన చెప్పాడు. నేను టీ క్యాను పట్టుకుని పక్కనే ఉన్నా. నువ్వు ఒహాయో అన్న మాట నిజమే ఆంజనేయులూ. నువ్వన్నదల్లా ఆ ఒక్కటే. ఆయన తిరిగి ఏదో అడగంగానే నువ్వు వెళ్ళి, రంగుపోయిన తాలు కాయలు ఏరే ఆడోళ్ళ వెనకాల నిలబడ్డావు. అప్పుడు పిల్ల ముందుకొచ్చింది. ఒక్కో మాట వెతుక్కుని వెతుక్కుని మాట్టాడింది. ఆయన ఎంత మర్యాదగా విన్నాడో! మా అందరి పేర్లూ అడిగి చెప్పించుకున్నాడు. తాలు కాయలు ఏరే వాళ్ళ పేర్లు ఎప్పుడన్నా ఎవరన్నా అడిగారా మన కల్లాల్లో?"

"వదినా, నేను..."

"ఆగు. నాకూ ఒకసారి చెప్పనీ. విస్తరి దగ్గర నువ్వు వడ్డిస్తానే ఉన్నావు, ఆయన పెట్టింది వదలకూడదని తింటానే ఉన్నాడు. పచ్చడికి మొహం కందిపోయి, చెమటలు కారుతున్నాయి పాపం. చాలు అని నీతో ఎట్టా చెప్పాలో ఆయనకి తెలియదు. మా నాన్న ఇట్టాగయితే ఆగడండీ అని చెప్పటానికి దానికి జపాను మాట రాలా. అందుకని గబగబా వెళ్ళి ఆయన పక్కన విస్తరేసుకు కూచుని, రెండు ముద్దలు తిని, తన విస్తరి తన వైపుకి మడిచి చూపించింది. ఆయన చూసి తనదీ మడిచాడు. అప్పుడు ఆగింది నీ గరిటె."

బాబాయి ఖాళీ గ్లాసు ఎత్తి ఇంకో గుక్క తాగబోయాడు.

"ఇంక ఆ దణ్ణం. వంగాడు, నిజమే. ఎందుకు వంగాడో చెప్పనా? పట్టాల మీద కాయ పట్టుకుని ఆయన ఏదో అడిగాడు, ఎట్టా ఆరబెడతారనో ఏమో. అఖిలకి అర్థం కాలా. మళ్ళీ అడిగాడు. అర్థం కాలా. నా దగ్గరికొచ్చి, 'ఆ బొమ్మల్లో కొట్టుకోవటం, తినటం, ఏడవటం ఉంటాయి పెద్దమ్మా, మిరపకాయలు ఆరబెట్టటం ఉండదు. నాకు ఇంతే వచ్చు' అంది. కళ్ళ నిండా నీళ్ళు పెట్టుకుంది. అవి ఘాటుకి కాదు. మళ్ళీ వెళ్ళి, ఆడోళ్ళ వెనకాల ఉన్న నీ వైపు చెయ్యి చూపించి, కూడబలుక్కుని ఒక మాటంది. ఏమన్నావే అని అడిగా. 'ఆయన మా నాన్న, ఇదంతా ఆయనే పండించాడు అని చెప్పా పెద్దమ్మా, అది చెప్పటం వచ్చింది' అంది. అప్పుడు వంగాడు ఆయన, నీకు."

పెద్దమ్మ మళ్ళీ లోపలికి వెళ్ళి పాలు పొయ్యి మీద పెట్టింది. మాస్టారు పేపరు విప్పి, చదవకుండా, తన ముందు పట్టుకున్నారు. సత్తెనపల్లి నుంచి వచ్చే ఆటో ఒకటి మా ముందు నుంచి పోయింది. బాబాయి కండువా తీసి మొహం తుడుచుకున్నాడు, మడిచాడు, విప్పాడు, మళ్ళీ మడిచాడు. నాకు ఆయన మీద కోపం పోయి జాలేసింది, ఆ జాలి మీద మళ్ళీ విసుగొచ్చింది.

"ఒరేయ్ కోటేషూ," అన్నాడు చివరికి. పక్కవాళ్ళకి వినపడనంత మెల్లగా అన్నాడు. ఆయన అంత మెల్లగా అనగా నేనెప్పుడూ వినలేదు.

"ఏంది బాబాయ్?"

"ఆ గుంటూరు క్లాసు రేపు పొద్దున ఎన్నింటికి తెరుస్తారు?"

"నేనింకా క్లాసు మాటే ఎత్తలేదు గదా!"

"ఎత్తనిస్తేగా నేను! నువ్వొచ్చి బల్ల చివర కూచుని గొంతు సవరించుకున్నప్పుడే తెలుసు ఎందుకొచ్చావో. ఒక్కతే ఆడపిల్ల, ఆ భాష పట్టుకుని ఎంత దూరం పోద్దోనని నా భయం నాది. నేను నోరాపితే నువ్వెక్కడ అడుగుతావోనని ఆ టోక్యో మొత్తాన్ని వంగబెట్టాల్సొచ్చింది." బల్ల మీద నుంచి లేచి కండువా భుజాన వేసుకున్నాడు. "పొద్దున నేనే బండి మీద తీసకెళ్ళి చేర్పించొస్తా. ముందు నువ్వు ఇంటికి పోయి దానికా మాట చెప్పు."

"నువ్వే వెళ్ళి చెప్పొచ్చుగా బాబాయ్?"

"నేను చెప్తే నమ్మదురా," అన్నాడు.